ఖర్జూర తోటలో యాకయ్య గడప

నెల్లికుదురు యాకయ్యతో ఏ విషయమైనా మాట్లాడవచ్చు, గడప విషయం మాత్రం కదిలించకూడదు. గడప లేకుండా ఇల్లు కట్టుకునేవాళ్ళు అతని దృష్టిలో మనుషుల కింద లెక్క కాదు. వాకిట్లోంచి వంటింటి దాకా ఒకే తీరుగా టైల్స్ పరిచిన కొత్త ఇళ్ళను చూస్తే, "గిది ఇల్లా, బస్టాండా?" అంటాడు, ఇంటివాళ్ళు వింటున్నారన్న మొహమాటం కూడా లేకుండా. ఈ పట్టుదల వల్లనే ఒకసారి పరాయి దేశంలో అతని బతుకు తలకిందులు కాబోయింది. ఆ ఎండాకాలం నేనూ అక్కడే ఉన్నాను కాబట్టి చెబుతున్నాను.

యాకయ్యది సుతారి పని, అంటే తాపీ పని. అన్నారం దర్గాకు మొక్కుకున్నాక పుట్టాడని అక్కడి బాబా పేరు పెట్టారు. మా వైపు హిందువుల ఇళ్ళల్లో యాకయ్యలు, యాకమ్మలు ఎందరో ఉంటారు, అందులో వింతేమీ లేదు. తండ్రి మట్టి గోడలు పెట్టడంలో పేరున్నవాడు. రోజుకొక వరుస గోడ లేపి, అది ఆరేదాకా దాని జోలికి పోకుండా బీడీ కాలుస్తూ కూర్చునే మనిషి. చిన్నప్పుడు ఆ మట్టి తొక్కింది యాకయ్యే. అతను పెద్దయ్యేసరికి మట్టి గోడలు అడిగేవాడు లేడు. సిమెంటు పని నేర్చుకున్నాడు, హన్మకొండలో అపార్ట్‌మెంట్లకు ప్లాస్టరింగ్ చేశాడు, ఆ తర్వాత ఒమన్ విమానం ఎక్కాడు. అక్కడ కంపెనీలో కూడా ప్లాస్టరింగే. ఎవరో లేపిన గోడలకు నున్నగా పూత పూయడం తప్ప, ఒక్క ఇల్లయినా మొదటి నుంచి చివరి దాకా తన చేతుల మీదుగా లేవలేదన్న దిగులు అతనిలో ఉండేది.

సొంత ఇంటి సంగతి మరీ అన్యాయం. నెల్లికుదురులో బేస్‌మెంట్ దాకా లేచి ఆగిపోయింది. మా వైపు బేస్‌మెంట్ మీద ముందు దర్వాజ, అంటే గడపతో సహా తలుపు చట్రం, నిలబెట్టాలి, ఆ తర్వాతే గోడలు లేస్తాయి. దర్వాజ తన చేతులతోనే నిలబెడతానని యాకయ్య పట్టు. సెలవు దొరికినప్పుడు చేతిలో డబ్బుండదు, డబ్బున్నప్పుడు సెలవుండదు. బేస్‌మెంట్ మీద స్వప్న, అంటే అతని భార్య, మిరపకాయలు ఎండబోసుకునేది.

నాది స్టేషన్ ఘన్‌పూర్. ఒమన్‌లో పికప్ బండి నడిపేవాణ్ణి. అక్కడే పరిచయమైన జాల్యాది భూపాలపల్లి జిల్లా ఘనపూర్ పక్కన తండా. మొదటిసారి కలిసినప్పుడు మాది ఘనపూర్ అంటే మాది ఘనపూర్ అని ఇద్దరం కాసేపు గొడవ పడ్డాం. అసలు ఘనపూర్ ఎవరిదో ఇప్పటికీ తేలలేదు గానీ దోస్తులమయ్యాం. జాల్యా కొండల దగ్గర ఒక ఖర్జూర తోట చూసుకునేవాడు. గురువారం సాయంత్రం నేను యాకయ్యను క్యాంపు నుంచి ఎక్కించుకుని తోటకు పోయేవాణ్ణి. శుక్రవారమంతా అక్కడే. జాల్యా గదిలో కూర వండుకుని, తోట మధ్య పారే కాలువలో మెడ దాకా కూర్చుని, ఫోన్లలో పిల్లల ముఖాలు చూసుకుని తిరిగి వచ్చేవాళ్ళం. ఆ తోటలో మాకున్న బాధ ఒక్కటే. చూసినంత మేర ఈతచెట్టు చుట్టాలే, ఒక్క చెట్టుకూ కల్లు లొట్టి లేదు.

"ఇన్ని చెట్లుండి గీసేటోడు లేకపాయె," అని జాల్యా ప్రతి శుక్రవారం అనేవాడు. మేం ప్రతి శుక్రవారం తల ఊపేవాళ్ళం.

ఆ ఏడు ఎండలు మొదలయ్యేసరికి యాకయ్య కంపెనీ పని లేదని మనుషులను ఇళ్ళకు పంపడం మొదలుపెట్టింది. వేరే యజమాని ఎవరైనా తన వీసా మీదికి తీసుకుంటే ఉండవచ్చు, లేకపోతే ఊరికి పోవలసిందే. ఊరికి పోతే బేస్‌మెంట్ మీద మిరపకాయలు తప్ప ఇంకేమీ లేవవు. జాల్యా తన అర్బాబుతో మాట్లాడాడు. యజమానిని అక్కడ అర్బాబు అంటారు. ఆయన పేరు సాలెం. మాతో హిందీలో మాట్లాడేవాడు, మాటలు పొదుపుగా వాడే మనిషి.

తోట చివర ఒక పాత మట్టి ఇల్లు ఉండేది. ముందు గోడ పూర్తిగా, పక్క గోడలు సగం దాకా కూలిపోయాయి, కప్పు సగం లోపలికి దిగింది. సాలెం తల్లి పుట్టింది ఆ ఇంట్లోనే. ఖర్జూరాలు పండే కాలం వస్తే ఒకప్పుడు కుటుంబమంతా మకాం అక్కడికే మార్చేదట. ఇప్పుడామె కొడుకు దగ్గర మస్కట్‌లో ఉంటోంది. చూపు పూర్తిగా పోయింది. ఎండాకాలం రాగానే ఆ ఇంటికి తీసుకుపొమ్మని గొడవ. సాలెం దాన్ని బుల్డోజర్ పెట్టి తీసేయాలనుకున్నాడు, ఆమె ఒప్పుకోలేదు. అందుకని యాకయ్యకు ఒక్క మాట చెప్పాడు. కాయలు పండేలోగా ఇల్లు నిలబెట్టు, మా అమ్మ దాంట్లో హాయిగా ఒక రాత్రి నిద్రపోతే నువ్వు నా వీసా మీద ఇక్కడే ఉంటావు, లేదంటే ఆ ఇల్లూ ఉండదు, నువ్వూ ఉండవు.

ఆ రోజు నుంచి యాకయ్య జాల్యా గదిలోనే మకాం పెట్టాడు. నేను వారం వారం బండి నిండా గడ్డి, మట్టి, కట్టెలు వేసుకుని వెళ్ళేవాణ్ణి. శుక్రవారాలు క్యాంపు నుంచి మన వాళ్ళు ఇంకో ఇద్దరు ముగ్గురు వచ్చి చేతులు కలిపేవారు. తెల్లారగట్ల మొదలుపెట్టి ఎండ ముదిరేదాకా పని, మధ్యాహ్నమంతా కాలువలో, మళ్ళీ ఎండ దిగాక పని. జాల్యా మట్టి తొక్కుతూ వాళ్ళ లంబాడీ భాషలో పాటలెత్తుకునేవాడు. ఆ పాట ఆగితే కాళ్ళు ఆగుతాయని యాకయ్య అతన్ని ఆపనిచ్చేవాడు కాదు.

నాకు ఓపిక తక్కువ. యాకయ్య రోజుకొక వరుస పెట్టి చేతులు కడుక్కుని కూర్చుంటే నాకు ఒళ్ళు మండేది. "ఇంకో వరుస లేపరాదే, పొద్దున్నది గదా," అని అరిచాను ఒక రోజు.

"గిది నీ పికప్ కాదు యుగేందర్, గేరేస్తే ఉరుకుతానికి," అన్నాడు. "కింది వరుస గట్టిపడక ముందు మీదిది పెడితే రెండూ కలిసి కూసుంటయ్."

కప్పు పని మాత్రం అతనికి తెలియదు. ఖర్జూర మొద్దులు వాసాలుగా వేసి, పైన ఆకుల చాపలు, ఆ పైన మట్టి వేస్తారక్కడ. యాకయ్య తన పద్ధతిలో రెండు మొద్దులు వేశాడో లేదో, పక్క తోట ముసలాయన గోడ దూకి వచ్చి అరబ్బీలో చెడామడా తిట్టాడు. ఏం తిట్టాడని అడిగితే జాల్యా, "మనకెందుకన్నా, మొద్దు తిప్పి పెట్టుమంటాండు," అని సర్దిచెప్పాడు. తిప్పి పెట్టాం. ఆ తర్వాత ముసలాయన రోజూ వచ్చి తిడుతూ చూపించేవాడు, మేం రోజూ చాయ్ పోసి నేర్చుకునేవాళ్ళం. నిజం చెప్పాలంటే నా జీవితంలో అంత సంతోషంగా పని చేసిన ఎండాకాలం ఇంకొకటి లేదు. ఒంటి మీద జీతం రాని మట్టి, పక్కన మనవాళ్ళు, పైన కాయలు రోజురోజుకూ రంగు తిరగడం.

పక్క గోడల మీద కప్పు లేచాక ముందు గోడ వంతు వచ్చింది. సాలెం వడ్రంగి దగ్గర చేయించిన తలుపు చట్రం పంపాడు. అటూ ఇటూ నిలువు కట్టెలు, పైన అడ్డం కట్టె, అంతే. యాకయ్య దాని చుట్టూ తిరిగి చూశాడు.

"కింది కట్టె ఏది?"

"అర్బాబు గింతే పంపిండన్నా," అన్నాడు జాల్యా. "పాత తలుపుకు గూడ లేకుండె."

"పాతోళ్ళు మరిచిపోయిన్రేమో. గడప లేంది దర్వాజ ఎట్ల నిలబెడ్తర్రా?"

తోటలో పడిపోయిన రేగుచెట్టు ఒకటి ఉంటే దాని మొద్దు కోసి చెక్కాడు. బెత్తెడు ఎత్తు గడప. గాజు మీద చెయ్యి వేసినట్టుండేది దాని మీద చెయ్యి వేస్తే. శుక్రవారం పొద్దున్నే మా వంటింటి పసుపంతా దానికి పూసి, కుంకుమ బొట్లు పెట్టి, పక్క తోటలోంచి మామిడాకులు తెచ్చి కట్టాం. కింద గుంటలో మా దగ్గరున్న పప్పులూ గింజలూ వేశాం. యాకయ్య తన పర్సు మడతలో ఎప్పటి నుంచో దాచుకున్న పది రూపాయల బిళ్ళ తీసి గింజల మీద పెట్టాడు. ముగ్గురం పట్టి దర్వాజ నిలబెట్టాం. సొంత ఇంటికి దాచుకున్న వేడుకంతా యాకయ్య ఆ పరాయి ఇంటికి చేసేశాడని నాకు తెలుసు. అతను కళ్ళు తుడుచుకుంటే చెమటేమో అనుకున్నట్టు నటించాను.

మధ్యాహ్నం సాలెం వచ్చి చూశాడు. గడపను కాసేపు చూసి, ఆ పసుపేమిటని అడిగాడు. నాకు నోటికొచ్చింది చెప్పాను, చెదల మందని. ఆయన అవునా అన్నట్టు తల ఊపి వెళ్ళిపోయాడు.

ఆ ఇంటికి వచ్చేది కళ్ళు లేని మనిషని మాకు తెలుసు. ఆమె కోసమే కదా కడుతున్నాం. మా ముగ్గురికీ కలిపి ఆరు కళ్ళున్నాయి, ఒక్కదానికీ గడప సంగతి తట్టలేదు. పుట్టిన దగ్గర నుంచి దాటుతూ వచ్చినది ఎవరికైనా అడ్డమవుతుందని అనుకుంటామా?

కాయలు ఎర్రబడుతుండగా ముసలమ్మ వచ్చింది. కారు దిగగానే కొడుకు చెయ్యి విదిలించేసింది. కాలువ చప్పుడు విని అటు తిరిగి నవ్వింది. రెండు చేతులతో గోడ తడిమింది, ముక్కు ఆనించి వాసన చూసింది. ఏదో అంది.

"వాళ్ళ నాయిన పెట్టిన గోడ లెక్కనే ఉన్నదంట అన్నా," అన్నాడు జాల్యా.

యాకయ్య ముఖం చూడాలి అప్పుడు. పదో తరగతి పాసైన పిల్లాడిలా నిలబడ్డాడు.

ఆమె గోడ మీద చెయ్యి వేసుకుని నడిచింది. చిన్నప్పటి నుంచి నడిచిన ఇల్లు, అడుగులో అనుమానం లేదు. తలుపు దగ్గరికి రాగానే సరిగ్గా లోపలికి తిరిగింది. కాలు గడపకు తట్టుకుని బోర్లా పడిపోయింది. ముంజేయి విరిగిన చప్పుడు మా అందరికీ వినిపించింది.

సాలెం తల్లిని చేతుల మీదికి ఎత్తుకున్నాడు. గడప వంక చూసి, ఇది ఎవరు పెట్టమన్నారని అడిగాడు. "నేనే పెట్టిన," అన్నాడు యాకయ్య, మమ్మల్ని నోరు తెరవనివ్వకుండా. కారు దవాఖానకు వెళ్ళిపోయింది. చెయ్యికి కట్టు కట్టారని, యాకయ్యను టికెట్ తీసుకుని సిద్ధంగా ఉండమన్నారని సాయంత్రం జాల్యాకు ఫోన్ వచ్చింది.

పొద్దు ఇంకా కుంకలేదు. యాకయ్య రంపం తీసుకుని దర్వాజ దగ్గర కూర్చున్నాడు.

"అన్నా, గడప కోసుడు మంచిగ కాదే," అన్నాడు జాల్యా.

"మనిషిని పడగొట్టినంక అది గడప కాదురా, కట్టె."

గడపను ఇటూ అటూ కోసి పైకి తీశాడు. కింద గింజలు, బిళ్ళ బయటపడ్డాయి. అక్కడ మట్టి వేసి, తడిపి, చేత్తో నున్నగా చేశాడు. గడప ఉన్నట్టు ఆనవాలు లేదు. అప్పుడు ఏడ్చాడు. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో నాకే తెలియలేదు. కోసిన కట్టెను పొయ్యిలో పెట్టడానికి అతనికి మనసొప్పదు, పారేయడానికీ ఒప్పదు. పాత తువ్వాలలో చుట్టి సూట్‌కేసులో బట్టల కింద పెట్టుకున్నాడు. బిళ్ళను అదే తువ్వాల కొంగున ముడివేశాడు. విమానంలో బరువెక్కువవుతుందని నేను చెప్పినా వినలేదు.

రెండు వారాల తర్వాతకు టికెట్ దొరికింది. స్వప్నకు ఫోన్ చేసి వస్తున్నానని మాత్రం చెప్పాడు.

"అయితే దర్వాజ పెట్టుకుందమా గిప్పుడు?" అని ఆమె సంబరంగా అడగడం స్పీకర్‌లో మాకూ వినిపించింది. చూద్దాం అన్నాడు యాకయ్య. పెట్టుకున్నా ఆ తర్వాత గోడలు లేవవని ఆమెకు ఎలా చెబుతాడు?

ప్రయాణానికి ముందు రోజు అందరం తోటలోనే ఉన్నాం. పొద్దున్నే నేను ఎయిర్‌పోర్టులో దింపాలి. సాయంత్రం చాయ్ తాగుతుండగా సాలెం కారు వచ్చి ఆగింది. మెడకు వేలాడేసిన కట్టుతో ముసలమ్మ దిగింది. కాయలు రాలిపోతున్నాయి, నన్ను తీసుకుపో అని కొడుకును నిలవనీయలేదట. యాకయ్య లేచి పశువుల కొట్టం చాటుకు జరిగాడు.

ఈసారి ఎడమ చెయ్యి గోడ మీద వేసి, నెమ్మదిగా, జాగ్రత్తగా వచ్చింది. తలుపు దగ్గర ఆగింది. కుడి కాలు బాగా ఎత్తింది, బురద గుంట దాటేవాళ్ళు ఎత్తినట్టు. ఎత్తిన కాలు లేని గడపను దాటి ఖాళీలోకి దిగింది. ఒళ్ళు తూలిపోయింది. సాలెం ఒక పక్క, జాల్యా ఒక పక్క పట్టుకోకపోతే రెండో చెయ్యి కూడా పోయేది.

నిలదొక్కుకుని కాలితో నేలంతా తడిమింది. ముందు మెల్లగా, తర్వాత కోపంగా. గట్టిగా ఏదో అడిగింది. సాలెం జాల్యా వైపు చూశాడు.

"కట్టె ఏదని అడుగుతాంది," అన్నాడు జాల్యా మాతో. ఆమె ఆగకుండా మాట్లాడుతుంటే ముక్కలు ముక్కలుగా చెప్పుకొచ్చాడు. "మస్కట్ల దిండు అడ్డం పెట్టించుకుని రోజూ దాటుడు నేర్చుకున్నదంట. ఒకసారి పడ్డంట గని, మల్ల పడేటంత తెలివితక్కువది కాదంట. నేర్చుకున్నంక తీసేస్తే ఎట్లని తిడుతాంది. ఎవలు తీసిన్రో పిలువుమంటాంది."

కొట్టం చాటు నుంచి యాకయ్య వచ్చాడు. సూట్‌కేసు తెచ్చి వాకిట్లో పెట్టి తెరిచాడు. పిల్లలకు కొన్న చాక్లెట్లు, స్వప్నకు కొన్న చీర, షర్టులు ఒక్కొక్కటే తీసి నేల మీద పెట్టాడు. అడుగున తువ్వాలలో కట్టె. సాలెం దాన్ని చూసి, యాకయ్యను చూసి, వంగి ఒక కొస తాను పట్టుకున్నాడు. మట్టి తవ్వి, కట్టెను పాత చోట దించి, చీలికలు కొట్టి బిగించారు. అయిపోయాక సాలెం తల ఎత్తకుండానే, చెదల మందు వేయవా అని నన్ను అడిగాడు. సిగ్గుతో నేను తల దించుకున్నాను. జాల్యా లోపలికి ఉరికి పసుపు డబ్బా తెచ్చాడు.

ముసలమ్మకు జాల్యా ఉన్నదున్నట్టు చెప్పాడు, పసుపు ఎందుకో, గింజలు ఎందుకో, బిళ్ళ ఎందుకో. ఆమె బిళ్ళను వేళ్ళతో తిప్పి చూసి తన చేత్తోనే గడప కింది సందులోకి తోసింది. తర్వాత అదే అరచేత్తో గడపను రెండు దెబ్బలు చరిచి, లేచి కాలెత్తి దాటి, లోపలికి పోయి చాప మీద పడుకుంది.

పొద్దున్నే యాకయ్య సూట్‌కేసు మళ్ళీ సర్దుకుని పికప్ వెనకాల పెట్టాడు. నేను బండి స్టార్ట్ చేశాను. ఇంట్లోంచి ముసలమ్మ గురక ఇంకా వస్తూనే ఉంది. సాలెం బయటికి వచ్చాడు. నేరుగా బండి వెనక్కి నడిచి సూట్‌కేసు దించి గోడకు ఆనించాడు. టికెట్ సంగతి తాను చూసుకుంటానని, యాకయ్యను చాయ్ తాగి పని చూసుకొమ్మని నాతో చెప్పి, మళ్ళీ లోపలికి పోయాడు. యాకయ్య బండి దిగలేక డోరు పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు. నేనే చెయ్యి పట్టి దింపాను.

ఇది జరిగి రెండేళ్ళు దాటింది. నేను ఒమన్ వదిలేసి స్టేషన్ ఘన్‌పూర్‌లో ట్రాలీ ఆటో నడుపుకుంటున్నాను. మొన్న ఎండాకాలం యాకయ్య సెలవు మీద వచ్చి నెల్లికుదురులో దర్వాజ నిలబెట్టాడు. స్వప్న గడపకు పసుపు పూసింది. వచ్చినవాళ్ళు తలా ఒక బిళ్ళ గుంటలో వేస్తున్నారు. యాకయ్య జేబులోంచి మన దేశానిది కాని బిళ్ళ ఒకటి తీశాడు.

"గిది ఎక్కడిదే?" అంది స్వప్న.

"ఒమన్ల అవ్వ ఇచ్చి పంపింది," అన్నాడు. "ఇంకో మాట గూడ చెప్పి పంపింది. గడప ఎత్తు మార్చకు, గట్లనే పెట్టు, నేనొస్తే నా కాలుకు తెల్వాలె గదా అన్నది."

బిళ్ళ గుంటలో వేసి, గడప ఎత్తుకు నాలుగు వేళ్ళ బెత్త ఆనించి మరోసారి కొలుచుకుని, మమ్మల్ని దర్వాజ పట్టమన్నాడు.